కాలువ గట్టు మీదికి రోడ్డు సైకిలా? ముందు టైర్లు చూసుకోండి

వానలు తెరిపిచ్చి చలి మొదలయ్యేసరికి కర్నూలు, కడప సైకిలువాళ్ల చూపు తారు రోడ్డు నుంచి పక్కదారులకు మళ్లుతుంది. కె.సి. కాలువ గట్లు, గండికోట చుట్టుపక్కల బండిబాటలు, నాపరాళ్ల గనుల దారులు. వీటికోసం వేరే సైకిలు కొనక్కర్లేదు, ఉన్నదానికే తగిన టైర్లు వేసుకుంటే చాలావరకు గడిచిపోతుంది. దుకాణంలో అందరూ ముందు చూసేది టైరు మీది గళ్లను. చూడాల్సింది వెడల్పు.

రిమ్ బ్రేకులున్న పాత సైకిళ్లలో చాలావాటికి 25 లేదా 28 మిల్లీమీటర్లతోనే చోటు అయిపోతుంది. డిస్క్ బ్రేకులున్న కొత్తవాటిలో 32, కొన్నింటిలో 35 కూడా పడుతుంది. టైరు మీద అచ్చువేసిన అంకెను నమ్ముకోవద్దు. వెడల్పాటి రిమ్ముకు ఎక్కిస్తే 28 టైరు 30 దాకా ఉబ్బగలదు. గాలి నిండా కొట్టి, 4 మిల్లీమీటర్ల అలెన్ కీని టైరుకూ ఫ్రేముకూ మధ్య దూర్చి చూడండి. ముందు ఫోర్కు కింద, బ్రేకు కింద, వెనక పెడల్ ఇరుసు దగ్గర రెండు పక్కలా. ఎక్కడ ఇరుక్కున్నా ఆ టైరు వద్దు. టైరుకు అంటుకుని తిరిగే గులకరాయి ఫ్రేమును గీసి గీసి తినేస్తుంది.

టైరు పక్కన 622 అనే అంకె ఉండాలి, అది టైరు కూర్చునే రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో. పల్లె దుకాణంలో దొరికే పాతకాలపు 28 అంగుళాల టైరు 635. చూపుకు ఒకేలా ఉన్నా మీ రిమ్ము మీద కూర్చోదు. పంక్చరు షాపు గాలి కూడా రోడ్డు సైకిళ్లకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకు నేరుగా ఎక్కదు, చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో వేసుకోండి.

సీమలో రాళ్లకన్నా ముళ్లతోనే పేచీ. పల్లేరుకాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. సర్కారు తుమ్మ ముల్లయితే పలచటి రేసు టైరును సూదిలా దాటేస్తుంది. కాబట్టి బరువు కాస్త పెరిగినా నడుమ రక్షణ పొర ఉన్న టైరే తీసుకోండి. సైకిలు ఒప్పుకుంటే ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని టైరు) ఇంకా మేలు, కాకపోతే మన ఎండలకు లోపలి సీలెంటు, అంటే చిల్లులు పూడ్చే ద్రవం, త్వరగా ఎండిపోతుంది, రెండు నెలలకోసారి చూసుకోవాలి. పంక్చరయితే కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలంతా దూది ముక్కతో తుడవండి. వేలికి తగలని ముల్లు మొన దూదికి చిక్కుతుంది. అది తీయకపోతే కొత్త ట్యూబూ పోయినట్టే.

గళ్ల సంగతి అంటారా, ఎండిన మొరం మీద నడుమ నున్నగా, అంచుల్లో చిన్న గళ్లున్నది చాలు.

గాలి 100 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు, సైకిలు ఎగిరెగిరి పడుతుంది. 70 కిలోల మనిషి 32 టైరులో, ట్యూబుతో అయితే, 55–60 దగ్గర మొదలుపెట్టవచ్చు. 28కి మరో పది. రిమ్ము రాయికి కొట్టుకున్న చప్పుడు వినిపిస్తే అయిదు పెంచండి. టైరు మీదా రిమ్ము మీదా రాసిన హద్దు మాత్రం దాటవద్దు.

వాన పడిన మర్నాడు నల్లరేగడి దారుల జోలికి పోకండి. బంక మట్టి బ్రేకుల దగ్గర మేటవేసి చక్రాన్నే ఆపేస్తుంది, అప్పుడు ఏ టైరు వేసినా సైకిలును భుజాన మోయాల్సిందే.