ముక్కులో పాలిప్స్‌కు స్టెరాయిడ్ వాడేముందు

స్టెరాయిడ్ స్ప్రే కంటే ముందు ముక్కు కడగాలి. చీమిడి మీద పడిన మందు పాలిప్‌ను (ముక్కు లోపల పెరిగే మెత్తటి కండను) చేరదు, చీదితే పోతుంది. 250 మి.లీ. నీళ్లు మరిగించి గోరువెచ్చగా చల్లార్చి, అర టీస్పూనుకు కాస్త తక్కువగా అయోడిన్ లేని ఉప్పు కలపండి. కుళాయి నీళ్లు నేరుగా వద్దే వద్దు. అరుదే అయినా, వాటిలోని అమీబా ముక్కులోంచి మెదడుకెక్కితే ప్రాణం మీదికొస్తుంది.

కడిగాక 10 నిమిషాలు ఆగండి. సీసా ఊపండి. కొత్తదైతే సన్నటి తుంపర వచ్చేదాకా గాల్లోకి నొక్కండి. తల కొంచెం ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేయి, ఎడమ ముక్కుకు కుడి చేయి వాడండి. గురి అదే వైపు కంటి బయటి కొస మీద ఉండాలి, నడిమి గోడ మీద కాదు. చీమిడిలో రక్తపు చారలు కనబడితే ముందు ఈ గురినే అనుమానించండి. గట్టిగా పీల్చకండి, మందు గొంతులోకి జారిపోతుంది.

ఫలితానికి వారాలు పడుతుంది, మధ్యలో మానొద్దు.

ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రాశారా? షుగరు, బీపీ, గ్లకోమా (కంట్లో నీటికాసులు), కడుపులో పుండు, పాత టీబీ ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి. ఉదయం టిఫిన్ తిన్నాకే వేసుకోండి. షుగరున్నవాళ్లు మధ్యాహ్నం, సాయంత్రం కూడా చూసుకోవాలి, పరగడుపు రీడింగు ఒక్కటే చూస్తే మోసపోతారు. వాసన తెలియడం మళ్లీ పోయిందని పాత చీటీతో ఆ మాత్రలు కొనకండి.