వృద్ధుల సంరక్షణలో సోషల్ రోబోలు: విశాఖ నుంచి పరిశోధన మొదలుపెట్టడం ఎలా?

వృద్ధుల సంరక్షణకు పనికివచ్చే సోషల్ రోబోల (మాటతోనో, స్పర్శతోనో మనుషులతో మెలిగే రోబోల) మీద పరిశోధన చేయదలచినవారు మొదట అడిగే ప్రశ్న, ఏ రోబో కొనాలని. ఆ ప్రశ్నను కనీసం ఒక ఏడాది పక్కన పెట్టడం మంచిది. రోబో ఇంటికి వచ్చాక దానికి చార్జింగ్ పెట్టేదెవరు, పెద్దాయన జారిపడితే ఫోను ఎవరికి వెళ్తుంది, అర్ధరాత్రి ఆ ఫోను ఎత్తేదెవరు, నెలనెలా ఖర్చు భరించేదెవరు అన్నవి తేలకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా చివరికి బీరువా మీదికి చేరుతుంది. ఈ ఏర్పాటునంతటినీ ఒక సేవగా చూసి రూపొందించే పద్ధతినే సర్వీస్ డిజైన్ అంటారు. పరిశోధన జీవితాన్ని దాని మీద కట్టుకుంటే రోబో నమూనాలు మారిపోయినా మీ పని పాతబడదు.

ఇంజినీరింగ్, సైకాలజీ, సోషల్ వర్క్, నర్సింగ్, మేనేజ్‌మెంట్ చదివినవారు ఎవరైనా ఈ రంగంలోకి రావచ్చు. ఐఐటీల వంటి సంస్థల్లో డిజైన్‌లో పీజీ చేయాలంటే ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష రాయాలి. పీహెచ్‌డీకి ఫెలోషిప్ కావాలంటే యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించడం ఒక దారి. విశాఖలోనే ఉండి చేయదలచినవారికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్, సైకాలజీ, సోషల్ వర్క్ విభాగాలు దగ్గరదగ్గరగా ఉండటం పెద్ద సౌకర్యం. గైడ్ ఏ విభాగంవారైనా, కో-గైడ్‌ను మాత్రం తప్పనిసరిగా మరో విభాగం నుంచి ఎంచుకోండి.

చదవవలసినవాటిలో లిన్ షోస్టాక్ 1984లో సర్వీస్ బ్లూప్రింట్ (ఒక సేవ అడుగడుగునా ఎలా నడుస్తుందో చూపే పటం) గురించి రాసిన వ్యాసం ముందుండాలి. తరువాత రోబోల చరిత్ర. జపాన్‌కు చెందిన షిబాటా తకనోరి రూపొందించిన సీలు పిల్ల రోబో పారో అక్కడ 2005లో అమ్మకానికి వచ్చింది. 2009లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని వైద్య పరికరంగా అనుమతించింది. పారో మాట్లాడదు, స్పర్శకూ శబ్దానికీ స్పందిస్తుంది, కాబట్టి భాష దానికి అడ్డు కాలేదు. 2014లో వచ్చిన మనిషి ఆకారపు రోబో పెప్పర్ మాట్లాడేది, అయినా 2020లో దాని తయారీ ఆగింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే సగం పాఠ్యప్రణాళిక పూర్తయినట్టే. వృద్ధులు రోబోను ఎంతవరకు స్వీకరిస్తారో కొలిచే ఆల్మెరె నమూనా 2010లో నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. దాని ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి, తిరిగి ఇంగ్లీషులోకి అనువదింపజేసి, కొద్దిమంది పెద్దల దగ్గర పరీక్షించకుండా వాడవద్దు.

అసలు పని క్షేత్రంలోనే ఉంది. ఉక్కునగరం, ఎంవీపీ కాలనీ వంటి చోట్ల ఉద్యోగ విరమణ చేసి, పిల్లలు విదేశాల్లో ఉండగా ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతులు మీకు కనిపిస్తారు. అలాంటి ఒక ఇంటిని తీసుకుని, సాయంత్రం బీపీ మాత్ర వేసుకోవడం అనే ఒకే ఒక పనికి బ్లూప్రింట్ గీయండి: పై వరుసలో పెద్దావిడ చేసే పనులు, కింద ఆమెకు కనబడే సాయం, దాని కింద ఆమెకు కనబడకుండా జరిగేవి. పనిమనిషి గుర్తుచేయడం, మందుల షాపు కుర్రాడు స్ట్రిప్పు తెచ్చివ్వడం, కొడుకు వాట్సాప్‌లో అడగడం, ఎదురింటివాళ్ళ దగ్గర తాళంచెవి ఉండటం అన్నీ అందులోకి రావాలి. అప్పుడుగాని రోబో ఏ గడిలో కూర్చోగలదో, ఏ గడిలో అనవసరమో తేలదు. పనిమనిషితో యజమానుల ఎదుట కాకుండా విడిగా మాట్లాడండి. రోబో వస్తే తన పని పోతుందేమోనన్న ఆమె భయం కూడా మీ దత్తాంశమే.

రోబో లేకుండానే తొలి ప్రయోగం చేయవచ్చు. స్పీకరున్న చిన్న బొమ్మను హాల్లో పెట్టి, పక్క గదిలోంచి మీరే దాని చేత మాట్లాడించే పద్ధతిని విజార్డ్ ఆఫ్ ఆజ్ అంటారు. ప్రయోగం ముగిశాక అసలు విషయం చెప్పి తీరాలి. ఉత్తరాంధ్ర యాస, మధ్యలో దొర్లే ఇంగ్లీషు మాటలు, పళ్ళూడిన నోటి పలుకు మాట గుర్తింపు సాఫ్ట్‌వేర్‌కు ఎంతవరకు అందుతాయో ఈ దశలోనే చూసుకోవాలి. మన పెద్దలు ఇంటికొచ్చిన కుర్రవాళ్ళను నొప్పించరు, ఏది చూపినా బాగుందనే అంటారు. కాబట్టి ఆ మాటను కాక, కొత్తదనం తగ్గాక వాడకం ఎలా ఉందో కొన్ని వారాలపాటు నమోదు చేయండి. ఇక విశాఖలో ఏ రూపకల్పనకైనా హుద్‌హుద్ పరీక్ష పెట్టాలి. 2014 అక్టోబరు 12న ఆ తుపాను తీరం దాటాక నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు; అలాంటప్పుడు మీ సేవలో ఎవరు ఎవరిని పలకరిస్తారో రాసి ఉంచాలి.

అనుమతుల విషయంలో తొందర పనికిరాదు. సంస్థ నైతిక కమిటీ ఆమోదం, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం తెలుగులో సమ్మతి పత్రం అవసరం. మతిమరుపు వ్యాధి ఉన్నవారి విషయంలో చట్టబద్ధ ప్రతినిధి సంతకంతో సరిపెట్టుకోకుండా, ప్రతిసారీ వారి ఇష్టాన్ని కూడా అడగాలి. ఇంట్లో కెమెరా ఉంటే పనిమనిషి, వచ్చిపోయే బంధువులు కూడా అందులో పడతారు కనుక వారి సమ్మతీ కావాలి. అధ్యయనం ముగిశాక రోబోను ఎప్పుడు, ఎలా వెనక్కి తీసుకుంటారో మొదటి రోజే చెప్పండి.

ప్రచురణకు, మనిషికీ రోబోకూ మధ్య వ్యవహారం మీద 2006లో మొదలైన హెచ్‌ఆర్‌ఐ సదస్సు, సేవా రూపకల్పనకు సర్వ్‌డెస్ సదస్సు, ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ సోషల్ రోబోటిక్స్ ఉన్నాయి. ఉద్యోగ ఎంపికలో మాత్రం మన దేశంలో ఇంకా విభాగాల గోడలున్నాయి. మీరు ఇంజినీరా, సామాజిక శాస్త్రవేత్తా అన్న ప్రశ్న ఎదురుకావచ్చు. అందుకే థీసిస్ రెండు రంగాలదైనా, మీరు దరఖాస్తు చేయబోయే విభాగం తనదని ఒప్పుకునే పత్రికలో కనీసం రెండు వ్యాసాలు ముందే వచ్చేలా చూసుకోండి.