కాటా లేకుండా కేకు కొలతలు

కేకు రెసిపీలో అన్నీ గ్రాముల్లో ఉండి, ఇంట్లో కాటా లేకపోతే టెన్షన్ పడకండి. ఒక కొలత చెంచాల సెట్టు కొనుక్కోండి, విజయవాడ వన్‌టౌన్ సామాన్ల కొట్లలో అడిగితే సరి. పెద్ద చెంచా 15 మిల్లీలీటర్లు, చిన్నది 5. అన్నం తినే చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు, వాటిని నమ్మొద్దు.

అదే చెంచాతో తీసినా బరువు వస్తువుని బట్టి మారుతుంది, అసలు కిటుకు ఇక్కడే ఉంది. పెద్ద చెంచాకి మైదా సుమారు 8 గ్రాములు, పంచదార 12 నుంచి 13. అంటే 100 గ్రాముల మైదాకి 12న్నర చెంచాలు కావాలి, అంతే బరువు పంచదారకి 8 చాలు. మైదాని జల్లించి, చెంచాలోకి వదులుగా తీసుకుని, చాకు వీపుతో పైన సమం చేయండి. అదిమితే పిండి ఎక్కువ పడి కేకు గట్టిపడుతుంది. మన బెజవాడ ఉక్కకి మైదా ఉండలు కడుతుంది కాబట్టి జల్లించడం అస్సలు మానొద్దు.

వెన్నకి చెంచా అక్కర్లేదు. 100 గ్రాముల ముక్కని ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, మెత్తబడకముందే, 7 సమాన ముక్కలుగా కోస్తే ఒక్కోటి ఒక పెద్ద చెంచా, దాదాపు 14 గ్రాములు. బేకింగ్ పౌడర్ చిన్న చెంచాకి 4 గ్రాముల పైచిలుకు ఉంటుంది. దాన్ని మాత్రం గోపురంగా తీసుకోవద్దు, తలకొట్టి వేయండి.