లెబనాన్‌లోని సిరియా శరణార్థులకు అండగా నిలవదలచినవారు తెలుసుకోవలసిన పద్ధతులు

లెబనాన్‌లో తలదాచుకున్న సిరియా కుటుంబానికి ఏ ఒక్క చట్టమూ గట్టి నీడ ఇవ్వడం లేదు. ఆ కుటుంబం పలువురి సమ్మతి మీద రోజులు వెళ్లదీస్తోంది. గుడారం వేసుకున్న నేల యజమాని, ఆ గుడారాల సముదాయంలో పెత్తనం చేసే షావీష్, ఊరి పురపాలక సంఘం, నివాస అనుమతులు ఇచ్చే జనరల్ సెక్యూరిటీ శాఖ, దారిలో నిలిపి పత్రాలు అడిగే సైనికులు, పక్కింటి లెబనాన్ పౌరులు, వీరిలో ఎవరు కాదన్నా రాత్రికి రాత్రి మూట కట్టుకోవలసి వస్తుంది. అందువల్ల దుప్పటి పంచినా, బడి నడిపినా, దూరం నుంచి డబ్బు పంపినా మొదట ఆలోచించవలసింది ఒక్కటే: మనం చేసే ఈ పనితో ఆ సమ్మతుల్లో ఏది బలపడుతుంది, ఏది తెగిపోతుంది? మంచి మనసుతో మొదలైన పనులు అక్కడ కుటుంబాలను వీధిన పడేసిన సందర్భాలు ఉన్నాయి గనుకనే ఇంత జాగ్రత్త చెప్పవలసి వస్తోంది.

ముందు ఆతిథ్య దేశాన్ని తెలుసుకోవాలి

లెబనాన్ 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో చేరలేదు. అయితే 2000లో చిత్రహింసల వ్యతిరేక ఒప్పందాన్ని అంగీకరించింది కాబట్టి, చిత్రహింసల ప్రమాదం ఉన్న చోటికి ఎవరినీ బలవంతంగా పంపకూడదన్న బాధ్యత దానిపై ఉంది. అక్కడి న్యాయవాదులు శరణార్థుల పక్షాన వాదించేటప్పుడు పట్టుకునే ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. సుమారు అరకోటి జనాభా ఉన్న ఆ చిన్న దేశంలో 2015 నాటికి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వద్ద నమోదైన సిరియన్లే 11 లక్షలు దాటారు. ఆ ఏడాది మే నెలలో ప్రభుత్వం ఆదేశించడంతో కొత్త నమోదులు ఆగిపోయాయి. ఆ తర్వాత వచ్చినవారికి నమోదు పత్రం కూడా లేదు.

స్థానికుల భయానికి చరిత్ర ఉంది. లెబనాన్‌లో అధికారం మతవర్గాల వారీగా పంచి ఉంటుంది. అధ్యక్షుడు మారొనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, సభాపతి షియా. ఈ సమతూకం కదులుతుందన్న వెరపుతో 1932 తర్వాత జనాభా లెక్కలే తీయలేదు. 1948లో వచ్చిన పాలస్తీనా శరణార్థులు తరతరాలుగా అక్కడే ఉండిపోవడం, 1975 నుంచి 1990 వరకు సాగిన అంతర్యుద్ధం, 1976 నుంచి 2005 దాకా సిరియా సైన్యం ఆ గడ్డపై తిష్ఠ వేయడం ఇంకా మరపునకు రాలేదు. ఇవేవీ తెలుసుకోకుండా, పొరుగువారి కోపాన్ని వట్టి ద్వేషమని తోసిపుచ్చేవారు అక్కడ ఎక్కువ కాలం పని చేయలేరు. ఆ కోపం నిరపరాధుల మీద పడడం అన్యాయమే, కానీ దాన్ని చల్లార్చాలంటే ముందు దాని మూలం తెలియాలి.

పాలన విషయానికి వస్తే, 2014 మే నుంచి 2016 అక్టోబరు వరకు ఒకసారి, 2022 అక్టోబరు నుంచి 2025 జనవరి వరకు మరోసారి ఆ దేశానికి అధ్యక్షుడే లేడు. కాబట్టి ఒక మంత్రి ఇచ్చిన మాటను నమ్ముకుని ఏ కార్యక్రమమూ మొదలుపెట్టకూడదు. మంత్రిత్వ శాఖ అనుమతితో పాటు పురపాలక సంఘం అంగీకారాన్నీ రాతపూర్వకంగా తీసుకుని, రెండింటి ప్రతులు పనిచేసే చోట ఉంచాలి. ప్రభుత్వాలు మారినా ఊరి పురపాలక అధ్యక్షుడితో రోజూ ముఖాముఖి తప్పదు.

అన్నిటికన్నా ముందు పత్రాలు

డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ మేలు జరుగుతుందని ఎవరైనా అడిగితే, న్యాయ సహాయానికి ఇవ్వమనే చెబుతాను. 2015 జనవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం పదిహేనేళ్లు నిండిన ప్రతి సిరియా పౌరుడూ నివాస అనుమతి కోసం ఏటా 200 డాలర్లు కట్టవలసి వచ్చింది. కట్టడంతో పాటు శరణార్థుల సంస్థ ధ్రువపత్రం గానీ, లెబనాన్ పౌరుడి పూచీ గానీ చూపవలసి వచ్చింది. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి అది 800 డాలర్లు అయ్యేది. 2015కు ముందు నమోదై, ఎవరి పూచీ మీదా అనుమతి తీసుకోనివారికి 2017లో ఈ రుసుము మినహాయించారు, కానీ ఒక్కో కార్యాలయం ఒక్కో తీరున అమలు చేయడంతో అర్హులైనవారు కూడా ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. ఇటీవలి సంవత్సరాల్లో చెల్లుబాటయ్యే అనుమతి ఉన్నవారు పెద్దవాళ్లలో అయిదింట ఒక వంతు మాత్రమే.

అనుమతి లేని తండ్రి తనిఖీ కేంద్రం దాటడానికి భయపడి పనికి వెళ్లడు. అతనికి బదులు తక్కువ అనుమానం కలిగించే భార్య, పిల్లలు పొలాలకు వెళతారు. ఒక్క కాగితం లేకపోవడం బాలకార్మికతకు దారి తీస్తోంది. ఈ లంకె తెలిస్తే, కుటుంబ పెద్ద నివాస అనుమతికి న్యాయవాదిని కుదర్చడం కూడా పిల్లల్ని బడికి పంపే మార్గమేనని అర్థమవుతుంది. అతన్ని కార్యాలయానికి ఒంటరిగా పంపకుండా, నిబంధనలు తెలిసిన స్థానికుడు వెంట వెళ్లేలా చూడాలి. అనుమతి లేనివారిని మాత్రం న్యాయవాది సలహా లేకుండా జనరల్ సెక్యూరిటీ కార్యాలయానికి వెళ్లమని ప్రోత్సహించకూడదు. ముఖ్యంగా 2019 ఏప్రిల్ 24 తర్వాత అక్రమ మార్గాన వచ్చినవారిని తిప్పి పంపాలన్న ఉత్తర్వు ఉంది గనుక, ఎవరు ఎప్పుడు, ఏ దారిన వచ్చారన్నది ముందుగా న్యాయవాదికే చెప్పించాలి.

పిల్లల జనన నమోదు మరో పెద్ద పని. ఆసుపత్రి లేదా మంత్రసాని ఇచ్చిన కాగితాన్ని ముఖ్తార్ అనే స్థానిక అధికారి వద్దకు తీసుకువెళ్లి జనన ధ్రువపత్రం పొందాలి. దాన్ని నుఫూస్ అనే పౌర నమోదు కార్యాలయంలో, ఆపైన గవర్నరేట్ అనే పెద్ద పాలనా విభాగంలోని విదేశీయుల నమోదు కార్యాలయంలో ఎక్కించాలి. చాలా కుటుంబాలు ముఖ్తార్ కాగితంతోనే పని పూర్తయిందనుకుంటాయి. పాప పుట్టిన ఏడాదిలోగా ఇది జరగకపోతే కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది. 2018లో ప్రభుత్వం, లెబనాన్‌లో పుట్టిన సిరియా పిల్లలకు ఈ గడువు నుంచి సడలింపు ఇచ్చింది గానీ ఒక తేదీ వరకు పుట్టినవారికే అది వర్తిస్తుంది. తల్లిదండ్రుల పెళ్లి నమోదు కాకపోతే బిడ్డ నమోదు కూడా ఆగిపోతుంది. మతపెద్ద సమక్షంలో మాత్రమే జరిగిన పెళ్లిళ్లు అక్కడ సర్వసాధారణం. కాబట్టి గర్భిణి ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు ప్రసవానికి ముందే పెళ్లి పత్రం సంగతి కనుక్కోవాలి.

అసలు పత్రాలను సహాయకులు తమ దగ్గర ఉంచుకోకూడదు. పేర్లు, ఫోన్ నంబర్లు, గుడారం ఉన్న చోటు రాసిన జాబితాలు పనికి కావలసినంత మేరకే తయారుచేసి, పని ముగియగానే చెరిపివేయాలి. 2023లో శరణార్థుల సంస్థ తన వద్ద ఉన్న కనీస వివరాలను లెబనాన్ ప్రభుత్వానికి ఇచ్చేందుకు ఒప్పందం చేసుకున్నప్పుడు గుడారాల్లో పుట్టిన భయం చిన్నది కాదు. అంత పెద్ద సంస్థే కాదనలేని ఒత్తిడి, చిన్న సంస్థ తలుపు తట్టదని అనుకోలేము.

గుడారాలు, షావీష్

సిరియన్ల కోసం అధికారిక శిబిరాలు కట్టడానికి లెబనాన్ ఒప్పుకోలేదు. ఎక్కువమంది పట్టణాల్లో అద్దెకు ఉంటారు. తూర్పున ఉన్న బెకా లోయ, ఉత్తరాన ఉన్న అక్కార్ ప్రాంతాల్లో మాత్రం పొలాల్లో అద్దె నేల మీద వెలసిన గుడారాలే గూళ్లు. ఆ సముదాయానికి పెద్దగా వ్యవహరించే షావీష్ అద్దె వసూలు చేస్తాడు, కూలి పనులు కుదురుస్తాడు, అప్పులిస్తాడు. సాయం పంపిణీలో కూడా అతని చేయి ఉంటుంది. అతన్ని పక్కకు నెట్టి నేరుగా పంచితే, మన బండి వెళ్లిన మర్నాడు ఆ కోపం కుటుంబాల మీద పడుతుంది. అలాగని జాబితా మొత్తం అతని చేతుల్లో పెడితే, వితంతువులూ అప్పు తీర్చలేనివారూ అందులో కనబడరు. అతనికి కబురు చేసి, మర్యాద చూపి, ఎంపిక ప్రమాణాలను అందరి ఎదుటా చదివి, ఇంటింటి పరిశీలన మాత్రం మన మనుషులతోనే చేయించడం మేలైన దారి. స్త్రీలతో స్త్రీలే విడిగా మాట్లాడాలి.

గుడారాన్ని బాగుచేసేటప్పుడు కలప, ప్లాస్టిక్ పట్టాలు దాటి పోకూడదు. 2019లో సిరియా సరిహద్దు దగ్గరి అర్సాల్ ఊరిలో సైన్యం ఆదేశంతో శరణార్థులు తమ కాంక్రీటు గోడలను తామే పగులగొట్టుకున్నారు. శాశ్వత నివాసం అన్న పోలిక కనిపించే దేన్నీ అక్కడ సహించరు. అదే ఏడాది జనవరిలో నోర్మా తుపాను బెకా లోయ గుడారాలను నీట ముంచింది. కాబట్టి శీతాకాలానికి ముందే నేల కింద కంకర పోయించడం, చుట్టూ కాలువ తవ్వించడం, పొయ్యికి నూనె అందించడం, మంటలార్పే పరికరాలు ఉంచడం వంటి పనులు అక్టోబరు నాటికి ముగించాలి. మంచు కురిశాక బయలుదేరే దుప్పట్ల లారీ చాలా ఆలస్యంగా చేరుతుంది.

పొరుగువారిని విడిచి పెట్టకూడదు

2019 చివర బ్యాంకులు కుప్పకూలాయి. డాలరుకు సుమారు 1,500 లెబనాన్ పౌండ్లుగా ఉన్న మారకం 90 వేల దరిదాపులకు చేరింది. జీవితకాలం కూడబెట్టుకున్నది కరిగిపోయిన లెబనాన్ ఉపాధ్యాయుడు, సాయం డబ్బు కోసం ఏటీఎం దగ్గర వరుసలో నిలిచిన సిరియన్లను చూసి ఏమనుకుంటాడో ఊహించడం కష్టం కాదు. 2023 మేలో శరణార్థులకు డాలర్లలో సాయం అందించాలని ఐక్యరాజ్యసమితి సంస్థలు నిర్ణయించినప్పుడు రేగిన వివాదం వల్ల ఆ పద్ధతిని కొంతకాలం ఆపవలసి వచ్చింది. నిజానికి అప్పటికే పదింట తొమ్మిది శరణార్థి కుటుంబాలు కడు పేదరికంలో ఉన్నాయి. వారికి దక్కేది వారి అవసరాల్లో కొంత భాగం మాత్రమే. ఈ నిజాన్ని వాదించి గెలవడం కన్నా, ఊరంతటికీ పనికివచ్చే తాగునీటి పైపులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, చెత్త ఏరివేత వంటి పనులు పూనుకోవడం ఎక్కువ ఫలితమిస్తుంది. నగదు ఇచ్చేటప్పుడు అదే పేదరిక ప్రమాణంతో లెబనాన్ కుటుంబాలనూ జాబితాలో చేర్చాలి. పంపిణీని కొద్దికొద్దిగా వేర్వేరు రోజుల్లో, జెండాలూ కెమెరాలూ లేకుండా జరపాలి. వ్యవసాయం, భవన నిర్మాణం, పారిశుద్ధ్యం, ఈ మూడు రంగాల్లో మాత్రమే సిరియన్లు పనిచేయవచ్చు గనుక, కూలి కల్పించే పథకాలు వాటిలోనే ఉండాలి.

బడి సంగతి. ప్రభుత్వ పాఠశాలల్లో సిరియా పిల్లలకు మధ్యాహ్నం పూట రెండో విడత తరగతులు నడుస్తున్నాయి. చేర్చడం ఒక ఎత్తు, నిలబెట్టడం మరో ఎత్తు. సిరియాలో అరబ్బీలో నేర్చుకున్న గణితం, విజ్ఞానశాస్త్రం ఇక్కడ ఫ్రెంచిలోనో ఇంగ్లిషులోనో ఎదురవుతాయి. చీకటి పడ్డాక ఇల్లు చేరాలంటే బస్సు కావాలి. ఈ రెండింటికీ, అంటే భాషా పాఠాలకూ బస్సు ఖర్చుకూ, ఇచ్చే సాయం కొత్త బడి కట్టడం కన్నా విలువైనది.

అల్లర్లు చెలరేగినప్పుడు

2020 డిసెంబరులో ఉత్తరాన మిన్యే ప్రాంతంలో ఒక గొడవ తర్వాత గుడారాలకు నిప్పు పెట్టగా వందలమంది పరుగులు తీశారు. 2024 ఏప్రిల్‌లో ఒక రాజకీయ నాయకుడి హత్య అనంతరం పలుచోట్ల సిరియన్లపై దాడులు జరిగాయి, పురపాలక సంఘాలు రాత్రి పూట తిరగవద్దన్నాయి. 2024 సెప్టెంబరులో ఇజ్రాయెల్ దాడులు తీవ్రమైనప్పుడు కొన్ని ఆశ్రయ కేంద్రాల్లో సిరియన్లకు చోటు దొరకలేదు. ఇటువంటి రోజులకు ముందుగానే సిద్ధం కావాలి. ప్రతి సముదాయంలో ఇద్దరు ముగ్గురికి హెచ్చరిక సందేశాలు పంపే బాధ్యత అప్పగించాలి, పత్రాలు తడవని సంచిలో ఉంచమని చెప్పాలి, ఏ ఊరిలో ఎవరు ఆశ్రయమిస్తారో మాట తీసుకోవాలి. ఆ వేళ ఫోటోలు, చిరునామాలు సామాజిక మాధ్యమాల్లో పెట్టడం ప్రమాదకరం.

దూరం నుంచి సాయపడేవారు పాత బట్టలు పంపవద్దు, ఒక కుటుంబం ముఖాన్ని చూపించి చందాలు పోగు చేయవద్దు. న్యాయ సలహా ఇచ్చే నార్వేజియన్ రెఫ్యూజీ కౌన్సిల్, లెబనాన్‌లో 1979 నుంచి వైద్యసేవ చేస్తున్న ఆమెల్ అసోసియేషన్, పిల్లల చదువు చూసే జుసూర్ వంటి వాటికి, ఫలానా పనికే వాడాలన్న షరతు లేకుండా, చిన్న మొత్తమైనా నెలనెలా ఇవ్వడం మేలు. పరిస్థితి వారం వారం మారే చోట, డబ్బు ఎటు మళ్లించాలో అక్కడున్నవారికే తెలుస్తుంది. సిరియా నుంచి వచ్చిన పాలస్తీనియన్ల బాధ్యత శరణార్థుల సంస్థది కాదు, పాలస్తీనా శరణార్థుల కోసమే ఉన్న ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏది. వారిని సరైన తలుపు వద్దకు పంపాలి.

తిరిగి వెళ్లాలనుకునేవారి విషయం

2024 డిసెంబరు 8న సిరియాలో అసద్ ప్రభుత్వం కూలింది. అప్పటి నుంచి ఇక వెళ్లిపొమ్మనే ఒత్తిడి పెరిగింది, వెళ్లాలన్న కోరిక కూడా పెరిగింది. ఇంటి మీద బెంగతో ఉన్నవారిని ఆపడానికి సహాయకులకు హక్కు లేదు, తోసే హక్కు అసలే లేదు. వారి ఊరిలో ఇల్లు నిలిచి ఉందా, పేలని మందుగుండు తొలగించారా, నీరు, బడి ఉన్నాయా అన్న సమాచారాన్ని అక్కడి బంధువుల ద్వారా సేకరించి పెట్టడం మన వంతు. అనుమతి గడువు దాటినవారు సరిహద్దు దాటితే మళ్లీ రాకుండా నిషేధం పడే అవకాశం ఉన్నందున, ఆ రోజుకు అమలులో ఉన్న నిబంధన ఏమిటో న్యాయవాదితో ధ్రువపరుచుకున్నాకే బయలుదేరాలి. పిల్లల జనన పత్రాలు, బడి మార్కుల జాబితాలు, టీకా కార్డులు లెబనాన్‌లో ఉండగానే పూర్తి చేయించాలి. సరిహద్దు దాటాక వాటిని తెప్పించుకోవడం బహు కష్టం.

అందరి భయమూ ఒక్కటి కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2025 మార్చిలో సిరియా తీర ప్రాంతంలో అలవీ అనే అల్పసంఖ్యాక మతవర్గం వారి ఊచకోత జరిగినప్పుడు వేలమంది నది దాటి అక్కార్‌కు చేరారు. ఒకవైపు కొందరు తిరుగు ప్రయాణానికి మూటలు సర్దుకుంటుండగా, మరికొందరు అదే సరిహద్దు మీదుగా లోపలికి వచ్చారు. పాతవారి కోసం వేసిన పథకాన్ని కొత్తవారికి అలాగే అంటగట్టకుండా, వీరిని విడిగా కలిసి, ఎవరి నుంచి పారిపోయి వచ్చారో తెలుసుకున్న తర్వాతే ఏ సముదాయంలో చోటు చూపాలన్నది నిర్ణయించాలి.