పాత స్పీకర్ల క్రాసోవర్‌కి కొత్త కెపాసిటర్లు: నా అనుభవం

మా ఇంట్లో 1970ల నాటి బ్రిటిష్ టూ-వే స్పీకర్ల జత ఉంది. ఈమధ్య ఘంటసాల గొంతు కుడి పెట్టెలో మూసుకుపోయినట్టు, ఎడమదాంట్లో గరుగ్గా వినిపించసాగింది. ట్వీటర్లు (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) అటూ ఇటూ మార్చి చూశాను. తేడా ట్వీటర్‌తో పాటు వెళ్లలేదు, పెట్టెలోనే ఉండిపోయింది. ఇక అనుమానం క్రాసోవర్ మీదే, అంటే పై స్వరాలను ట్వీటర్‌కీ, కింది స్వరాలను వూఫర్ అనే పెద్ద స్పీకర్‌కీ విడదీసి పంపే సర్క్యూట్ బోర్డు మీదే.

వూఫర్ విప్పి, బోర్డు ఫొటో తీసుకుని, ఒక్కో కెపాసిటర్‌కి ఒక కాలు మాత్రం టంకం కరిగించి లేపి కొలిచాను. బోర్డు మీదే కొలిస్తే పక్కనున్న కాయిల్ కలిసి అంకె తప్పొస్తుంది. ట్వీటర్‌కి సిరీస్‌లో ఉన్న 4.7 మైక్రోఫారడ్ల నాన్-పోలార్ ఎలక్ట్రోలైటిక్ (ప్లస్, మైనస్ తేడా లేకుండా వేసే రకం) కెపాసిటర్ ఎడమవైపు 6.1 చూపించింది. విలువ అలా పెరిగితే ట్వీటర్ మోయలేని కింది స్వరాలు దానికి వెళ్తాయి, ఆ గరుకు అక్కడిదే. కుడివైపు దాంట్లో లోపలి నిరోధం బాగా పెరిగి పై స్వరాలను మింగేస్తోంది.

రెండు వైపులా 250 వోల్టుల పాలీప్రొపిలీన్ (ప్లాస్టిక్ పొర వాడే రకం) కెపాసిటర్లు వేశాను. ఇవి లావు, కేబుల్ టైతో బిగించకపోతే అదురుకి కాళ్లు విరుగుతాయి. వీటి లోపలి నిరోధం దాదాపు సున్నా. పాతవాటికి కొత్తలోనే ఉండే కాస్త నిరోధం డిజైన్‌లో భాగం కనక, 0.5 ఓమ్ వైర్‌వౌండ్ (తీగ చుట్టి చేసిన) రెసిస్టర్ సిరీస్‌లో కలిపాను. అది లేకుండా వింటే 'స' చెవిలో గుచ్చుకుంది.

కాయిల్స్ ముట్టుకోలేదు. మందం తీగవి వేయమంటారు చాలామంది, కానీ నిరోధం తగ్గితే బాస్ తీరే మారిపోతుంది. నాకు కావలసింది ఈ స్పీకర్ల అసలు గొంతు. తీసిన కెపాసిటర్లు కవర్లో వేసి పెట్టెలోనే అతికించాను.