కొలెస్ట్రాల్ మాత్ర మొదలెట్టాక కడుపు పేచీ పెడుతోందా? ముందు స్ట్రిప్ తిరగేసి చూడండి

నాన్నకి స్టెంట్ వేసిన రెండో నెలలో రోజూ పొద్దున్నే ఒకటే గోల. "ఈ కొలెస్ట్రాల్ బిళ్ల నాకు పడట్లేదురా, గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు." ఇంట్లో అందరం కలిసి స్టాటిన్‌ని, అంటే ఆ కొలెస్ట్రాల్ తగ్గించే మందుని, తిట్టుకున్నాం. ఒకరోజు స్ట్రిప్ కిటికీ దగ్గర పెట్టి, ఫోన్ కెమెరా జూమ్ చేసి వెనకాల చీమతలకాయంత అక్షరాలు చదివితే తెలిసింది: అందులో అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్‌తో పాటు రక్తం పలచబరిచే ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 కూడా ఉన్నాయి, మూడూ ఒకే క్యాప్సూల్‌లో. దాన్ని ఈయన తెల్లారి ఐదున్నరకి పరగడుపున మింగి, వెంటనే కాఫీ తాగుతున్నారు.

అందుకే నా మొదటి మాట, మందుని తిట్టేముందు అందులో ఏమేం కలిసున్నాయో చూడండి.

గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు

చాలాసార్లు దోషి ఆస్పిరినే. కడుపు లోపలి పొరని యాసిడ్ నుంచి కాపాడే పదార్థాల తయారీని అది తగ్గిస్తుంది. డాక్టరు గారు చెప్పిన మార్పు చిన్నదే: క్యాప్సూల్ రాత్రి భోజనం అయ్యాక, పొద్దున టిఫిన్‌కి అరగంట ముందు యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ బిళ్ల. వారంలో మంట తగ్గింది. ఇక్కడ జాగ్రత్త, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు మెడికల్ షాపులో అడిగి ఒమెప్రజోల్ అనే గ్యాస్ బిళ్ల తెచ్చుకుని వేసుకోకండి, అది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది. గ్యాస్ బిళ్లలన్నీ ఒకటే అనుకోవడం మన అలవాటు, కానీ ఒకటి కాదు.

ఇంకో చిక్కు తెల్లటి యాంటాసిడ్ సిరప్‌తో. రోసువాస్టాటిన్ అనే మరో స్టాటిన్ వేసుకుని, మంటగా ఉందని వెంటనే అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న సిరప్ రెండు మూతలు తాగితే ఒంటికి పట్టే మందు దాదాపు సగానికి పడిపోతుంది. మూడు నెలల తర్వాత టెస్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) తగ్గలేదని తేలితే, సిరప్ సంగతి తెలియని డాక్టరు డోసు పెంచుతారు. బిళ్ల వేసుకున్నాక కనీసం రెండు గంటలు ఆగి తాగండి, తాగుతున్నట్టు డాక్టరుకి చెప్పండి.

గ్యాస్, ఉబ్బరం, మలబద్ధకం

ఇవి స్టాటిన్ వల్ల నిజంగానే రావచ్చు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయి. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఒంట్లో చాలాసేపు ఉంటాయి కాబట్టి పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా, తిన్నాకైనా తినకముందైనా ఫర్వాలేదు, మీ కడుపుకి ఏది సుఖమో చూసుకుని ఆ టైముకే అంటిపెట్టుకోండి. సిమ్వాస్టాటిన్ మాత్రం రాత్రిపూటే.

మలబద్ధకానికి ఇసబ్‌గోల్ మంచిదే, పైగా ఎల్‌డీఎల్‌ని కూడా కాస్త తగ్గిస్తుంది. కానీ గ్లాసు నిండా నీళ్లతో తాగాలి, మిగతా బిళ్లలకీ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి. అలాగే డబ్బాలో కాల్షియం, ఐరన్ బిళ్లలు గానీ, బీపీకో గుండె దడకో ఇచ్చిన వెరాపమిల్ గానీ ఉన్నాయేమో చూడండి. మలబద్ధకం తేవడంలో అవి స్టాటిన్‌కి అన్నయ్యలు.

విరేచనాలు, వికారం

మన ఇళ్లలో షుగర్, కొలెస్ట్రాల్ ఒకే రక్తపరీక్షలో బయటపడతాయి, రెండు మందులూ ఒకే రోజు మొదలవుతాయి. విరేచనాలు పట్టుకుంటే నింద కొలెస్ట్రాల్ బిళ్ల మీదికి పోతుంది గానీ, షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్‌ని ముందు అనుమానించండి. భోజనంతో వేసుకోవడం, నెమ్మదిగా కరిగే రకానికి మార్చమని అడగడం, ఈ రెండింటితో చాలామందికి తెరిపి వస్తుంది. స్ట్రిప్ మీద ఎజెటిమైబ్ (స్టాటిన్ కాని మరో కొలెస్ట్రాల్ మందు) ఉంటే దానివల్లా విరేచనాలు అవుతాయి. ట్రైగ్లిజరైడ్స్‌కి (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వుకి) ఇచ్చే ఫెనోఫైబ్రేట్‌ని చాలా రకాల్లో భోజనంతోనే వేసుకోమంటారు. అది వాడుతుండగా పూరీలో బజ్జీలో తిన్న పూట కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే గ్యాస్ అని సర్దుకుపోవద్దు, పిత్తాశయంలో రాళ్లేమో స్కానింగ్ చేయించుకోండి.

ఏదీ తేలకపోతే

రెండు వారాలు ఒక నోటుబుక్‌లో రాయండి: బిళ్ల ఎన్నింటికి, తిండి ఏమిటి, కడుపు ఎప్పుడు మొదలెట్టింది. విసుగ్గా ఉంటుంది, అయినా రాయండి. ఎందుకంటే 2020లో వచ్చిన శాంసన్ అనే అధ్యయనంలో, బాధలు భరించలేక స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందే లేని ఉత్తుత్తి బిళ్ల, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. స్టాటిన్ నెలల్లో పడిన బాధలో సుమారు 90 శాతం ఉత్తుత్తి బిళ్ల నెలల్లోనూ వచ్చింది. అలాగని వాళ్లు అబద్ధం చెప్పారని కాదు, బాధ నిజమే, కారణమే వేరు. "ఇది పడదు" అన్న భయం కడుపుని బాగానే తిప్పుతుంది.

నిజంగా స్టాటినే అని తేలినా దారులున్నాయి. డోసు తగ్గించడం, వేరే స్టాటిన్‌కి మారడం, కొందరికి రోజు విడిచి రోజు ఇవ్వడం, తక్కువ డోసుకి ఎజెటిమైబ్ కలపడం. ఇవన్నీ డాక్టరు చేతిలో పని. స్టెంట్ ఉన్నవాళ్లు మాత్రం కడుపు బాగోలేదని కాంబినేషన్ క్యాప్సూల్ తమంతట తాము ఒక్కరోజు కూడా మానొద్దు, అందులో రక్తం పలచబరిచే మందులు ఆగితే స్టెంట్ లోపల గడ్డకట్టే ప్రమాదం ఉంది.

కళ్లు పచ్చబడటం, మూత్రం కాఫీ రంగులో రావడం, ఆగని వాంతులు, కండరాల్లో విపరీతమైన నొప్పి, మలం తారులా నల్లగా రావడం - వీటిలో ఏది కనబడినా నోటుబుక్ పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఐరన్ బిళ్లలకి కూడా మలం నల్లబడుతుంది, అయినా ఆస్పిరిన్ వాడేవాళ్లు ఆ తేడా ఇంట్లో తేల్చుకోవద్దు. వెళ్లేటప్పుడు స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకెళ్లండి. నాన్నలాగా "తెల్ల బిళ్ల, గులాబీ బిళ్ల" అని చెబితే డాక్టరు గారు మాత్రం ఏం చేస్తారు.