పాత జర్దోసీ రవికను దాచుకునే తీరు

మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందని గద్వాల చీర గురించి గొప్పగా చెప్పుకునే ఊరు మాది. ఆ గొప్ప కొత్త చీరకే చెల్లుతుంది. వందేళ్ల నాటి జర్దోసీ రవికను, అంటే జరీ తీగతో కుట్టుపని చేసినదాన్ని, అలా మడిచి పెడితే, విప్పేసరికి మడత మీదే చీలి ఉంటుంది. ముప్పై ఏళ్లుగా మగ్గం పని చేస్తున్నాను. పెట్టెల అడుగు నుంచి తీసిన పాత పట్టు బట్టలు తెచ్చేవాళ్లందరూ అడిగేది ఒకటే: ‘‘అమ్మా, మళ్లీ మెరుపు తెప్పించగలరా?’’ మెరుపు సంగతి వదిలేయండి, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలుపుకుందాం అంటాను.

ఈ మాట నాకు నేర్పింది మా నాయనమ్మ పెళ్లి రవిక. దానిమ్మ రంగు పట్టు, మోచేతి దాకా చేతులు, చేతుల అంచున జర్దోసీ తీగ, వీపున మామిడి పిందె. పాతికేళ్ల వయసులో, పని వచ్చు కదా అన్న ధైర్యంతో దాన్ని కుంకుడు రసంలో ముంచాను. నిమిషంలో ఎరుపు దిగి తెల్ల అస్తరంతా గులాబీ రంగుకు తిరిగింది. పట్టు తడిస్తే బలం తగ్గుతుంది. జరీ బరువు మోయలేక భుజం దగ్గర నోరు తెరిచింది. ఆ చీలిక ఇప్పటికీ అలాగే ఉంది. కాబట్టి ఉతకడం వద్దు, ఇస్త్రీ వద్దు, డ్రై క్లీనింగ్‌కూ ఇవ్వకండి.

పెట్టె ఎప్పుడు తెరవాలన్నదీ ముఖ్యమే. మే నెల వడగాలికి పట్టు ఎండుటాకులా పెళుసెక్కుతుంది, ముసురు రోజుల్లో చెమ్మ పీల్చుకుంటుంది. కార్తీకం నుంచి మాఘం దాకా, ఉదయం పూట, ఎండ పడని గదిలో తెరవండి. ముందు గాజులు, ఉంగరాలు తీసేయండి. గాజు కొన ఒక చమ్కీ బిళ్లకు తగులుకుంటే వరుసంతా లేచి వస్తుంది. చేతులు కడిగి బాగా ఆరనివ్వండి. చెమట తగిలితే జరీలోని వెండి నల్లబడుతుంది. భుజాలు పట్టి ఎత్తకండి. కింద అట్ట జొనిపి, పసిబిడ్డను ఎత్తినట్టు మొత్తంగా ఎత్తి, గంజి పెట్టని తెల్ల పంచె మీద పరచండి.

ఇప్పుడు భూతద్దం పెట్టి చూడండి. అసలు జరీ అంటే బంగారు పూత వేసిన సన్నని వెండి రేకును పట్టుదారం చుట్టూ చుట్టినది. పూత అరిగిన చోట వెండి గాలిలోని గంధకానికి నల్లబడుతుంది. ఇంకా అరిగితే లోపలి దారం కనిపిస్తుంది. మా రవిక చేతి అంచున ఒక ఆకులో సల్మా, అంటే స్ప్రింగులా చుట్టిన సన్నని తీగ, సాగిపోయి, వాడిన తీగలా వేలాడుతోంది. దాన్ని లాగలేదు, కత్తిరించలేదు. పట్టీలు తోమే పొడి, నిమ్మకాయ, చింతపండు జరీ దరిదాపులకు రానివ్వకండి. నలుపుతో పాటు బంగారమూ పోతుంది.

లేచిన చోట అదిమి కుట్టాలనుకుంటే, సన్నని సూదితో పాత కుట్టు రంధ్రాల్లోంచే వెళ్లండి. దారం గుడ్డ కంటే బలహీనమైనదే తీసుకోవాలి. రేపు ఎక్కడైనా లాగుడు పడితే తెగేది మీ దారం కావాలి, నాయనమ్మ పట్టు కాదు. నేత నిలువునా పీలికలవుతుంటే మాత్రం సూది ముట్టకండి. పట్టును ఉడికించి బంక తీస్తే దాదాపు నాలుగో వంతు బరువు తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి 19వ శతాబ్దం చివర యూరప్ మిల్లుల్లో పట్టును తగరపు లవణాల్లో ముంచేవారు. మీ రవిక అలాంటి పట్టుదైతే సూది గుచ్చిన చోటల్లా పగులుతుంది.

దాచడానికి ప్లాస్టిక్ సంచి పనికిరాదు, లోపల చెమ్మ నిలుస్తుంది. చెక్కపెట్టె నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది. ఇనుప బీరువాలో వెడల్పాటి అర మేలు. ఆమ్లం లేని టిష్యూ కాగితం దొరికితే సరే, లేకపోతే బాగా ఉతికిన మెత్తని నూలు గుడ్డ వాడండి. రవిక చేతుల్లోపల ఆ కాగితాన్నో గుడ్డనో చుట్టలుగా పెట్టి, వీలైనంత వరకు మడవకుండా పరచండి. మడవక తప్పకపోతే మడత లోపల లావుపాటి చుట్ట పెట్టి, ఏటా మడత చోటు మార్చండి. కలరా ఉండలు నేను పెట్టను. పురుగు కోసం మూడు నెలలకోసారి అతుకుల వెంట చూస్తాను. అద్దం కట్టి గోడకు తగిలించాలన్న ఆశ ఉంటే మానుకోండి. మ్యూజియాల్లో ఇలాంటి బట్టల మీద వెలుతురును 50 లక్స్ (వెలుతురు తీవ్రతకు కొలత) దాటనివ్వరు, మన హాలు కిటికీ పక్కన పగటి వెలుగు అంతకు ఎన్నో రెట్లు.

చివరగా, ఈ రవిక ఎవరిది, ఏ పెళ్లికి కుట్టించారు, ఎవరి చేతి నుంచి ఎవరికి వచ్చింది, మీ అత్తనో పెద్దమ్మనో అడిగి పెన్సిలుతో కాగితం మీద రాసి రవిక ఉన్న అరలోనే ఉంచండి. రవికకు గుండుసూదితో మాత్రం గుచ్చకండి. తుప్పు మరక పడితే పట్టు నుంచి పోదు.